పొడుగు స్క్రూ

ఆ వేసవంతా మా ఇంట్లో గొడవ ఒక్కటే. ముందుగది ఎవరిది?

పన్నెండేళ్ళుగా అది మాది. మాది అంటే నాదీ మా ఆయనదీ కాదు, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళందరిదీ. చాపలు పరిస్తే పాతికమంది పట్టేవాళ్ళం. మోకాళ్ళు ముడుచుకుంటే ముప్ఫైయెనిమిది. పనిలో కుర్చీలు అడగాలని తీర్మానించుకున్నది ఆ గదిలోనే. రోజుకి పది గంటలు నిలబడి అట్టలు మడిచేవాళ్ళం. పిక్కల మీద నరాలు తాళ్ళలా పైకి తేలాయి. కూర్చుని చేసుకోగలిగే పనిని నిలబెట్టి చేయించడం ఏ శాస్త్రంలో ఉందో నాకిప్పటికీ తెలియదు. అడిగాం. అడిగిన ముప్ఫైయెనిమిదిమందినీ బయటికి నెట్టి గేటుకి తాళం వేశారు.

సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చి ముందుగదిలో సగం ఆక్రమించింది. ఒక బల్ల, మెడ వంచే లైటు, భూతద్దం, సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు. గుమ్మం పక్కన ఒక అట్టముక్క వేలాడదీసింది: 'ఫోన్లు బాగుచేస్తాం'.

"చేస్తాం ఏమిటి, ఉన్నది నువ్వొక్కదానివేగా?" అన్నాను.

"గేటు దగ్గర నువ్వొక్కదానివే నిలబడ్డప్పుడు కూడా 'మేం పోరాడతాం' అని అరుస్తావుగా వదినా. ఇదీ అంతే."

మా ఆయన టైర్ల షెడ్డు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. సగం గది ఇచ్చెయ్, సరిపోతుంది" అన్నాడు. నవ్వింది ఆయనొక్కడే.

తాళం పడిన మూడో రోజు మేనేజరు గేటు దాకా వచ్చాడు. ఎండలో మాడుతున్న మమ్మల్ని ఎగాదిగా చూసి, "కుర్చీలు వేయిస్తాం. వానలు పడేలోగా అందరినీ తీసుకుంటాం. ఒక్కరిని కూడా వదలం" అన్నాడు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా. వారం తిరక్కుండానే ప్లేటు ఫిరాయించాడు. "నేనా? ఎప్పుడన్నాను?"

అన్న మాట పెద్దమ్మ ఫోనులో ఉంది.

పెద్దమ్మ మా అందరిలోకీ వయసులో పెద్దది. నేను పనిలో చేరిన రోజున అట్ట ఎలా మడవాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. చదువు రాదు. ఎవరేం చెప్పినా ఫోను తీసి ఎర్ర గుండ్రం నొక్కి రికార్డు చేసుకునేది. ఆ ఫోనే ఆమె నోటుబుక్కు. మేనేజరు నోరు తెరవగానే అలవాటు కొద్దీ సంచిలోనే చెయ్యి పెట్టి నొక్కింది. "అంతా పడిందే మైకూ" అని అప్పుడే నాతో అంది. మైకు అంటే నేనే, నా గొంతు పుణ్యమా అని వచ్చిన పేరు. "రేపు తీరిగ్గా విందాంలే పెద్దమ్మా" అన్నాను. ఆ సాయంత్రమే ఫోను బట్టల తొట్టిలో పడింది.

వారం రోజులు ఆగి పెద్దమ్మ బియ్యం డబ్బా చంకనెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఫోను బియ్యంలో పాతిపెట్టి ఉంది. ఆడబిడ్డ దాన్ని పైకి తీసి అరచేతి మీద తట్టింది. ఛార్జింగ్ పెట్టే కన్నంలోంచి ఒక గింజ రాలింది.

"బియ్యం నీళ్ళు పీల్చదు పెద్దమ్మా. ఫోనుకి ఆకలేసిందని అన్నం పెట్టారు మీరు, అంతే."

"బజారులో పెద్ద షాపు ఉంది, అక్కడ ఇద్దాం" అన్నాను నేను. అంటూనే నాకే అనుమానం వచ్చింది. "వద్దు. మేనేజరు మనిషి ఎవడైనా వెళ్ళి ఆ షాపువాణ్ణి కొనేస్తే? బయటి చేతికి ఇవ్వను."

"అయితే లోపలి చేతికి ఇవ్వు" అని ఆడబిడ్డ చెయ్యి చాపింది.

గత్యంతరం లేక ఇచ్చాను. అప్పటిదాకా ఆ పిల్ల పని నాకు లెక్కలోకి రాలేదు. ఒంటరిగా కూర్చుని తలొంచుకుని చేసే పని, అందులో పోరాటం ఎక్కడుంది అనుకునేదాన్ని. తను వెనక మూత వేడి చేసి విప్పింది. లోపల పచ్చటి తుప్పు పూసి ఉంది. మెత్తటి బ్రష్షుతో స్పిరిట్ అద్ది, చంటిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచింది. గంట పట్టింది. తర్వాత భూతద్దం కళ్ళనుంచి తీసి, "బోర్డు బతికే ఉంది. ఛార్జింగ్ పట్టీ కుళ్ళిపోయింది. పాత మోడలు, పట్టీ దొరకాలి. తెప్పిస్తా. ఎప్పటికొస్తుందో చెప్పలేను" అంది.

లేబర్ ఆఫీసరు మా కేసు వినే రోజు వేసవి చివర్లో. అప్పటికి ఆ ఫోను మాట్లాడాలి. ముప్ఫైయెనిమిది ఇళ్ళు దాని మీద ఆశ పెట్టుకుని ఉన్నాయి.

నా గొంతు కూడా ఆ వారమే పోయింది. రోజూ గేటు దగ్గర అరిచి అరిచి, ఒకరోజు లేచేసరికి గాలి తప్ప శబ్దం రాలేదు. డాక్టరు చూసి, రెండు నెలలు గొంతెత్తొద్దు, ఎత్తితే ఉన్నది కూడా పోతుంది అన్నాడు. కరెంటు లేని మైకు ఎందుకు పనికొస్తుంది? గేటు దగ్గరికి వెళ్తే అందరూ జాలిగా చూస్తున్నారు. జాలి నాకు పడదు. ఇంట్లో కూర్చున్నాను. ఎదురుగా ఆ బల్ల.

"ఊరికే చూసే బదులు ఈ ఇయర్‌ఫోన్ తీగ కలుపు" అంది ఆడబిడ్డ మూడో రోజున.

అలా మొదలైంది. తీగ తొక్క గోటితో ఒలిచాను, లోపలి వెంట్రుకల్లాంటి రాగి తెగిపోయింది. మళ్ళీ ఒలిచాను, మళ్ళీ తెగింది. ఐదోసారికి నిలిచింది. టంకం పెట్టబోయి బొటనవేలు కాల్చుకున్నాను. "సీసం మీద ఉన్న వేడి వదినా, నినాదం మీదది కాదు. ఊదితే చల్లారుతుంది" అని నవ్వింది. తిట్టడానికి గొంతు లేదు. నలభై ఆరేళ్ళ వయసులో అక్షరాలు దిద్దే పిల్లలా ఆ పిల్ల ముందు కూర్చోవడం నాకు ముల్లులా ఉండేది. అయినా కూర్చున్నాను. వీపు నొప్పి పుట్టేది, మెడ పట్టేసేది, కళ్ళల్లో నీళ్ళు కారేవి.

"కుర్చీ కోసమేగా సమ్మె చేశావు. దొరికింది కదా, అనుభవించు" అనేవాడు మా ఆయన, నా తలకి నూనె రాస్తూ.

నాలుగు వారాలకి టార్చిలైట్లు, బొత్తాల ఫోన్లు నా వంతయ్యాయి. బొత్తాలు అరిగినా, స్పీకరు మూగబోయినా, కన్నం వదులైనా నేనే విప్పి నేనే మూసేదాన్ని. పొద్దుటినుంచీ విప్పడం, తుడవడం, బిగించడం. వచ్చినవాళ్ళు, "మీ వదిన కూడా నేర్చుకుందే!" అని నన్ను కాక తనని మెచ్చుకునేవాళ్ళు. ఒళ్ళు మండేది. మండినా పొద్దున్నే మళ్ళీ ఆ స్టూలు మీదే.

ఒక్క విషయంలో మాత్రం నేను తన మాట వినలేదు. తను ఏ ఫోను విప్పినా ముందు అట్టముక్క మీద దాని బొమ్మ గీసేది. ఏ మూల స్క్రూ తీస్తే అట్ట మీద ఆ మూలనే గుచ్చేది. నాకు నవ్వొచ్చేది.

"పెద్దవాళ్ళకో వరుస, చిన్నవాళ్ళకో వరుసా? స్క్రూల్లో కూడా మేనేజర్లూ కూలీలూ ఉన్నారా?" అన్నాను బొంగురుగొంతుతో.

"ఉన్నారు వదినా. ఎవరి చోటు వాళ్ళదే."

"నా దగ్గర అదేం కుదరదు. అందరూ ఒకటే." సీసా మూత ఒకటి తీసుకుని స్క్రూలన్నీ అందులో పోసేదాన్ని. తిరిగి బిగించేటప్పుడు చేతికి ఏదొస్తే అది. బొత్తాల ఫోన్లలో నిజంగానే అన్నీ ఒకటే, ఎప్పుడూ తేడా రాలేదు. రెండు మూడుసార్లు చెప్పి తను ఊరుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎంతకని వాదిస్తుంది?

ఎండలు ముదిరాయి. గేటు దగ్గర కూర్చునేవాళ్ళు ఇరవై అయ్యారు, పన్నెండయ్యారు. కొందరు ఇళ్ళల్లో గిన్నెలు తోమే పనికి కుదిరారు. మా కట్టింగు మిషను ఆమె వచ్చి, "నీ ఫోను పలుకుతుందా, లేక మేమే ఎటైనా చూసుకోవాలా?" అని అడిగి వెళ్ళింది. పలుకుతుందన్నాను.

విచారణకి ఇంకా నాలుగు రోజులుందనగా పట్టీ వచ్చింది. చిటికెన వేలంత ప్లాస్టిక్ కవరులో, ఎండిన ఆకులా ఉంది. ఆడబిడ్డ ఇంట్లో లేదు. సామాను కొనడానికి టోకు బజారుకి వెళ్ళింది, సాయంత్రానికి గానీ రాదు.

ఆగొచ్చు. ఆరు గంటలు ఆగితే ఏమయ్యేది? కానీ దాదాపు రెండు నెలలుగా ఆ పిల్ల చేతి కింద ఉన్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క పెద్ద పని, నేను ముగించి తన చేతిలో పెట్టాలనిపించింది. ముప్ఫైయెనిమిదిమంది కోసం అనుకున్నాను. అబద్ధం. నాకోసం.

తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. ఫోను విప్పాను. స్క్రూలు మూతలో పోశాను. పాత పట్టీ ఊడదీసి, కొత్తది దాని జాడలోనే పరిచి, చివర్లు గోటితో నొక్కాను. టక్, టక్ అని కూర్చున్నాయి. ఛార్జరు తగిలించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత తెర మీద వెలుగు.

నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. డాక్టరు వద్దన్న అరుపు.

తెర గుర్తు అడిగింది, వేలితో గీసే గుర్తు. అది పెద్దమ్మకే తెలుసు. పిలుచుకురావచ్చు. కానీ కడుపు తెరిచి ఉన్న ఫోను ఆమె ముందు ఎలా పెడతాను? ముందు మూసేద్దాం, శుభ్రంగా తుడిచి ఇద్దాం, ఆమే గీస్తుంది, అందరం కూర్చుని విందాం అనుకున్నాను. మూతలోంచి స్క్రూలు ఒక్కొక్కటే తీసి బిగించాను. ఐదోది సగంలో అడ్డం తిరిగింది. బిగువుగా ఉందంటే బాగా పడుతోందన్నమాట అనుకుని ఇంకో అర చుట్టు తిప్పాను. లోపల గోరు విరిగినంత చిన్న చప్పుడు.

వెలుగు పోయింది.

సాయంత్రం ఆడబిడ్డ సంచి కింద పెట్టకుండానే నా మొహం చూసింది. ఫోను తీసుకుని భూతద్దం పెట్టుకుంది. ఐదో స్క్రూ విప్పి అరచేతిలో వేసుకుని, పక్కన ఇంకోటి పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయి. చాలాసేపు చూస్తే గానీ తెలియలేదు, ఒకటి నువ్వుగింజ మందాన పొడుగు.

"ఇది కెమెరా పక్కన ఉండాల్సింది. ఇక్కడ బిగిస్తే కింద బోర్డులోకి దిగుతుంది. దిగింది."

"తీగ వేసి కలపలేవా? నాకు నేర్పావుగా, తెగినచోట తీగ..."

"పైన తెగితే కలుపుతాను. ఇది లోపలి పొరల్లో తెగింది వదినా."

మర్నాడు తనే పట్టుకెళ్ళి తన గురువుకి చూపించింది, ఇంకొకరికి చూపించింది. మధ్యాహ్నం ఎండన పడి తిరిగొచ్చి, చెప్పుల్తోనే బల్ల దగ్గర కూర్చుంది. మాటలు దాచుకున్న చిప్పు బాగానే ఉందిట, కానీ ఇంకో బోర్డు మీద పెడితే నోరు తెరవదుట. తన పని తనే చెడగొట్టినట్టు తల దించుకుంది. నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది.

కాసేపయ్యాక మెల్లగా, "నీళ్ళు చంపేశాయని చెబుదాం. నమ్ముతారు. నీళ్ళొచ్చి కాదంటాయా?" అంది.

"నీకు పేరు పోతుందిగా. నీ దగ్గరే ఉందని అందరికీ తెలుసు."

"నా పేరుకేం. నువ్వు లేకపోతే వాళ్ళ తరఫున నిలబడే మనిషి ఉండదు."

ఆ పూటంతా ఆ మాట చుట్టూనే తిరిగాను. నీళ్ళు చంపాయి. ఎంత సులువు! మేనేజరు "ఎప్పుడన్నాను" అన్నది కూడా ఇంత సులువుగానే అని ఉంటాడు.

విచారణకి ముందురోజు పొద్దున అందరినీ పిలిచాం. బల్ల గోడకి జరిపి చాపలు పరిచింది ఆడబిడ్డ. పాతికమంది వచ్చారు. పెద్దమ్మ అందరికంటే ముందు కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఆరిందిటే మైకూ?" అని అడిగింది.

"ఆరింది. పలికింది కూడా. నేను తొందరపడి తప్పు స్క్రూ బిగించాను, చచ్చిపోయింది. ఈ పిల్ల తప్పేం లేదు. నేనే చేశాను."

ఇంతే అన్నాను. గొంతు బావుంటే ఇంకా ఏవో కలిపేదాన్నేమో.

కట్టింగు మిషను ఆమె లేచింది. "మీటింగుల్లో మా నోళ్ళు మూయించావు, 'ఆగండి నేను చెప్తా' అని. ఇప్పుడు ఫోను నోరు కూడా మూశావూ?" చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇద్దరు వెనకాలే వెళ్ళారు. మిగిలినవాళ్ళు నావైపు కాకుండా పెద్దమ్మవైపు చూశారు.

పెద్దమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని నల్లటి తెర మీద బొటనవేలితో తన గుర్తు గీసింది. మళ్ళీ గీసింది.

"మేనేజరు మాటదేముందే, నాకు నోటికొచ్చు, నేను చెప్తాను" అంది. "నా మాత్రలు ఏది పొద్దున, ఏది రాత్రి అని డాక్టరమ్మ చెప్పింది కూడా ఇందులోనే ఉంది. ఈ రెండు నెలలూ అలవాటు మీద వేసుకొచ్చాను. మొన్న కొత్తవి మార్చి ఇచ్చారు. పాతవాటిలో ఏవి మానాలో ఇందులో విని చూసుకుందాం అనుకున్నా."

రెండు నెలలుగా ఆ ఫోను నా కళ్ళముందే ఉంది. అందులో ఇంకేమున్నాయని నేను ఒక్కసారి కూడా అడగలేదు. మా చేతులు తప్ప మేం కనబడని మేనేజరుని పన్నెండేళ్ళు తిట్టినదాన్ని నేను.

మర్నాడు లేబర్ ఆఫీసులో పెద్దమ్మ లేచి నిలబడి మేనేజరు అన్న మాట అన్నట్టే చెప్పింది, వాడు మధ్యలో దగ్గిన దగ్గుతో సహా. గదంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వాపుకుని, "రాతలో ఉందా? రికార్డు ఉందా?" అన్నాడు. నావైపు చూశాడు.

"ఉండేది సార్. నేను పాడుచేశాను."

రాసుకున్నాడు. వారం తర్వాత కాగితం వచ్చింది. ముప్ఫైయయిదుమందిని తీసుకుంటారు. పదిమందికొక కుర్చీ వేస్తారు, వంతులవారీగా కూర్చోవచ్చు. రెచ్చగొట్టిన ముగ్గురికి మాత్రం పని లేదు. ముగ్గురిలో మొదటి పేరు నాది. కట్టింగు మిషను ఆమె కూడా పనిలోకి వెళ్ళింది. దారిలో కనబడితే తల ఊపేది, ఆగేది కాదు. రికార్డు ఉంటే ముగ్గురం కూడా మిగిలేవాళ్ళమా? తెలియదు. అందులో మేనేజరు మాట పడిందో, సంచి రాపిడే పడిందో కూడా ఇంక ఎప్పటికీ తెలియదు. మిగతా ఇద్దరూ నన్నేమీ అడగలేదు. అదే బరువు.

నేను పెద్దమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అన్నీ మళ్ళీ చెప్పించాను. రోజూ పొద్దున్నే, ఆమె పనికి పోకముందే, వాళ్ళింటికి వెళ్ళి ఏ మాత్ర ఎప్పుడో విడిగా పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. తలుపు తీసేది, పొట్లాలు తీసుకునేది. కూర్చోమనేది కాదు. నేనూ కూర్చోలేదు.

వానలు మొదలైన మొదటి ఆదివారం, మధ్యాహ్నమే చీకటి కమ్మి కరెంటు పోయింది. ముందుగదిలో నేనొక్కదాన్నే స్టూలు మీద ఉన్నాను. పెద్దమ్మ తడిసిన గొడుగు గుమ్మంలో ముడిచి, సంచిలోంచి ఒక ఫోను తీసింది. కూతురు వాడి ఇచ్చిందిట. మాట సరిగా పడటం లేదుట.

లేచి చెయ్యి చాపాను.

ఆమె ఫోను ఇవ్వలేదు. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉంది. "నువ్వు ముట్టుకోకే. మీ ఆడబిడ్డని పిలువు."

లోపలికి వెళ్ళి, "అమ్మాయ్, నీకోసం వచ్చారు" అన్నాను.

తను వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. ఫోను విప్పుతుంటే నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. "కాస్త ఇటు వదినా" అంటే ఇటు, "అటు" అంటే అటు. చాలాసేపు పట్టింది. చెయ్యి లాగింది. దించలేదు.